మొదటి వారం పెరంబూరు దాటకండి

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. అమ్మానాన్న చెన్నై పెరంబూరులో ఉంటారు, నాన్న ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరయ్యారు. అత్తగారిది ఒంగోలు. డిసెంబర్ 19న బయల్దేరి, మూడు వారాలు ఉండి, జనవరి 10న తిరుగు విమానం ఎక్కాలని అనుకుంటున్నాం. పోయినసారి వచ్చినప్పుడు తిరుపతి, బెంగళూరులో బాబాయి వాళ్ళ గృహప్రవేశం, హైదరాబాద్‌లో పెళ్ళి, ఒంగోలు, అన్నీ తిరిగేసరికి అమ్మ దగ్గర ఉన్నది నాలుగైదు రోజులే, అవి కూడా నిద్రకీ సూట్‌కేసులు సర్దుకోడానికీ సరిపోయాయి. ఈసారి ఎన్ని రోజులు ఉండమంటావమ్మా అంటే "నీ ఇష్టమే, మీ అత్తగారు బాధపడకుండా చూసుకో" అంటోంది. అత్తయ్యేమో సంక్రాంతికి ఉండకుండా ఎలా వెళ్తారు, పాపకి భోగిపళ్ళు పోయొద్దా అంటున్నారు. నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్ చేయాలి, "నువ్వొచ్చాక చూద్దాంలే" అని వాయిదా వేస్తున్నారు. నాకు వీసా స్టాంప్ ఉంది, మా ఆయనది గడువు అయిపోయింది, చెన్నైలోనే స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా ముద్ర) పెట్టుకుంటానంటున్నారు. ఇంటికి వెళ్తున్నానన్న సంతోషం పోయి ఇప్పటినుంచే టెన్షన్ పట్టుకుంది. ఎవరినీ నొప్పించకుండా ఈ రోజులు ఎలా పంచాలి?

సమాధానం: ఎవరినీ నొప్పించకుండా మూడు వారాలు పంచడం కుదరదమ్మా. రెండు ఇళ్ళు, ఒక పండగ, ఒక ఆపరేషన్, ఒక వీసా, ఇన్నిటి మధ్య ఎవరో ఒకరు చిన్నబుచ్చుకుంటారు. మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇప్పటిదాకా ఆ వంతు మీ అమ్మగారిదే అవుతూ వచ్చింది, ఎందుకంటే ఆవిడ అడగరు. గట్టిగా అడిగినవాళ్ళకి రోజులు రాసిచ్చేసి, అడగని మనిషికి మిగిలినవి ఇస్తాం. ఇది మీ ఒక్క ఇంట్లోనే కాదు, అమెరికా నుంచి పిల్లలు వచ్చే ప్రతి ఇంట్లోనూ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ మనసు కష్టపెట్టుకుంటూనే ఉన్నాను. ఈసారి లెక్క అమ్మ దగ్గర మొదలుపెట్టండి.

"నీ ఇష్టమే" అని ఆవిడ అన్నది మీకు స్వేచ్ఛ ఇవ్వడానికి అనుకోకండి. పదిరోజులుండు అని నోరు తెరిచి అడిగాక మీరు ఐదు రోజులకే వెళ్ళిపోతే తట్టుకోవడం కష్టం, అందుకని ముందే అడగడం మానేశారు. కాబట్టి ఆవిడని మళ్ళీ అడగకండి. మీరే చెప్పండి, తేదీలతో సహా: "అమ్మా, 21న దిగుతాం. 29 దాకా ఎక్కడికీ కదలం. 30న ఒంగోలు వెళ్ళి 7న మళ్ళీ నీ దగ్గరికే వస్తాం, 10న ప్రయాణం." ఇందులో "చూద్దాం", "వీలుంటే" అనే మాటలు ఉండకూడదు. తేదీ చెప్తే ఆవిడ క్యాలెండర్ మీద గీత గీసుకుంటారు, ఎదురుచూడటం కూడా అప్పుడే మొదలవుతుంది.

మొదటి వారమే ఎందుకంటున్నానంటే, చివర్లో ఇస్తానన్న రోజులు ఎప్పుడూ నిలవవు. చివరి వారంలో టీ నగర్ షాపింగ్, బ్యాంకు పనులు, ఎవరో పోయారనో ఎవరికో పెళ్ళి కుదిరిందనో ఒక ప్రయాణం, పెట్టెల బరువు తూచుకోవడం, ఇవన్నీ అమ్మ రోజుల్లోంచే కోతపడతాయి. పైగా మొదటి వారం మీరు వేరే ఊళ్ళు తిరిగినా పెద్ద ప్రయోజనం ఉండదు. చలికాలంలో డాలస్‌కీ చెన్నైకీ పదకొండున్నర గంటల తేడా, అంటే మీకు పగలూ రాత్రీ పూర్తిగా తిరగబడతాయి. పెద్దవాళ్ళకే సర్దుకోడానికి వారం పడుతుంది, ఆరేళ్ళ పిల్ల సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి అన్నం ముందు కూర్చుని తూగుతుంది, తెల్లవారుజామున మూడింటికి లేచి ఆకలంటుంది. అలాంటి పిల్లని కారులో వేసుకుని చుట్టాల ఇళ్ళకి తిప్పితే ప్రతి ఇంట్లో ఏడుపే.

మీరొచ్చేది ధనుర్మాసంలో. మూడింటికి లేచిన పిల్లని మళ్ళీ పడుకోబెట్టాలని యుద్ధం చేయకండి. చెన్నైలో ఆ నెలంతా తెల్లవారకముందే వీధులు లేస్తాయి, ఇంటి ముందు కళ్ళాపి చల్లి పెద్ద పెద్ద ముగ్గులు వేస్తారు, గుళ్ళో తిరుప్పావై మొదలవుతుంది, పొంగలి ప్రసాదం వేడివేడిగా పెడతారు. మామూలు రోజుల్లో ఆ పిల్లని ఐదింటికి లేపడం ఎవరి తరమూ కాదు, ఇప్పుడు దానంతటదే లేచి కూర్చుంటుంది. ముగ్గుపిండి డబ్బా ఇచ్చి అమ్మమ్మతో గేటు దగ్గరికి పంపండి. మీరు కూడా వెళ్ళి పక్కన కూర్చోండి. ఫోన్ లోపల పెట్టి వెళ్ళండి, ఫోటో రేపు తీసుకోవచ్చు. ఆ గంటన్నర మీ అమ్మగారికి పగలంతా మీరు ఇంట్లో ఉండి లాప్‌టాప్ చూసుకునేదానికంటే ఎక్కువ.

ఇంకో మాట చెప్పాలి, ఇది చాలామంది ఆలోచించరు. మీరు ఎనిమిది రోజులు అక్కడే ఉంటే ఆవిడకి సంతోషం ఎంతో, పని కూడా అంత. ముగ్గురికి టిఫిన్, పిల్లకి కారం లేకుండా వేరే కూర, అల్లుడుగారు ఉన్నారని మధ్యాహ్నం రెండు కూరలూ పచ్చడీ, రోజూ ఒక బకెట్ బట్టలు. వద్దంటే ఆవిడ వినరు, అందుకని వాదించకండి, ఏర్పాటు చేసేయండి. అంట్లు తోమే ఆమెని డిసెంబర్ నెలకి రెండు పూటలా రమ్మని ఇప్పుడే మాట్లాడమనండి, ఆ డబ్బు మీరివ్వండి. ఇడ్లీ పిండి వీధి చివర దొరుకుతుంది, రుబ్బనవసరం లేదు. రోజుకో పూట భోజనం దగ్గర్లోని మెస్ నుంచి తెప్పించండి, అమ్మకి నచ్చే మెస్ ఏదో నాన్నగారికి తెలుస్తుంది. అరిసెలు మాత్రం చేస్తానంటే చేయనివ్వండి, కాకపోతే పాకం ఆవిడ పడితే మిగతా పని మీరూ మీ ఆయనా చేయాలి. మీ ఆయన వంటింట్లోకి వస్తే ఆవిడ మొహమాటపడతారు, రెండో రోజుకి అలవాటవుతుంది.

నాన్నగారి కన్ను. దీన్ని "వచ్చాక చూద్దాం" అని వదలొద్దు, ఎందుకంటే మీరు వచ్చాక డాక్టర్ దగ్గరికి వెళ్తే షుగర్ టెస్టు, బీపీ, కంటి కొలతలు అన్నీ అయ్యి తేదీ దొరికేసరికి మీ తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. శుక్లం ఆపరేషన్ మామూలుగా పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేసేదే, కానీ మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి చూపించాలి, కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి. ఐసీఎఫ్‌లో చేశారు కాబట్టి రైల్వే మెడికల్ కార్డు ఉంటే పెరంబూరులోనే రైల్వే హాస్పిటల్ ఉంది. లేదూ ఆయన ఇప్పటికే బయట ఎక్కడైనా చూపించుకుంటుంటే అక్కడే కానీండి, కొత్త డాక్టర్ని వెతికే సమయం ఇది కాదు. పరీక్షలన్నీ నవంబర్‌లోనే చేయించుకోమని చెప్పి, ఆపరేషన్ మీరు దిగిన మర్నాడే, అంటే 22న, పడేలా తేదీ తీసుకోమనండి. అప్పుడు మర్నాడు చూపించడం, వారం తర్వాత చూపించడం రెండూ మీరు ఒంగోలు వెళ్ళేలోపే అయిపోతాయి. చుక్కలు ఏ పూట ఏవి వెయ్యాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఆ కాగితం మీరు వెళ్ళాక కూడా పనికొస్తుంది. రెండో కన్ను ఈ ప్రయాణంలో పెట్టుకోకండి.

అదే వారంలో ఒక్క పొద్దున మాత్రం ఇంటి కాగితాలకి ఇవ్వండి: మందుల చీటీలు, పెన్షన్ కాగితాలు, బ్యాంకు ఖాతాల్లో నామినీ ఎవరున్నారో, ఇంటి పత్రాలు ఎక్కడున్నాయో, అన్నీ ఒక ఫైల్లో. మీకు ఇక్కడ పాత సేవింగ్స్ ఖాతా ఏదైనా అలాగే నడుస్తుంటే దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్చుకోవాలి, నిబంధన అది, చాలామంది ఏళ్ళ తరబడి పట్టించుకోరు. ఒక్క పొద్దున అన్నాను, గుర్తుంచుకోండి. పిల్లలు అమెరికా నుంచి దిగ్గానే ఇల్లంతా తనిఖీ చేసి, ఈ మిక్సీ మార్చండి, ఆ సోఫా పారేయండి, ఈ ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి మారండి అని మొదలుపెడితే పెద్దవాళ్ళకి వాళ్ళ బతుకే తప్పని చెప్తున్నట్టు ఉంటుంది.

ఒక మధ్యాహ్నం అమ్మని తీసుకుని కచేరీకి వెళ్ళండి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి దాకా మ్యూజిక్ అకాడమీలోనూ మైలాపూర్, టీ నగర్ సభల్లోనూ పొద్దున్నుంచి రాత్రి దాకా పాటలే. సాయంత్రం పెద్దవాళ్ళ కచేరీలకి టికెట్లు కావాలి గానీ, మధ్యాహ్నం చిన్న వయసు కళాకారులు పాడే కచేరీలు చాలా సభల్లో ఉచితమే, రద్దీ ఉండదు, పిల్ల విసిగిస్తే లేచి రావచ్చు, సభ క్యాంటీన్‌లో టిఫిన్ తినొచ్చు. మీ పాపకి ఇది ఇంకో రకంగా కూడా మంచిది. అక్కడ డాలస్‌లో తెలుగు అంటే ఇంట్లో అమ్మ మాట్లాడే భాష. ఇక్కడ తమిళం మాట్లాడే ఊళ్ళో, తమిళం మాట్లాడే గాయని త్యాగరాజ కీర్తన పాడుతుంటే, హాలంతా తల ఊపుతుంటే, పక్కన కూర్చున్న అమ్మమ్మ అందులో ఒక్కో మాటకీ అర్థం చెవిలో చెప్తుంటే ఆ పిల్లకి తెలుగు మీద కలిగే గౌరవం ఏ ఆదివారం క్లాసులోనూ రాదు.

ఇక అత్తగారు. ఆవిడ అడిగింది తప్పు కాదు. మనవరాలి నెత్తిన భోగిపళ్ళు పోయాలని ఏ నాయనమ్మకుండదు? ఆరేళ్ళొచ్చాయి, ఇంకెన్నాళ్ళు పోస్తారు? ఆ మాటలో నిజం ఉంది కాబట్టే మీకు గుచ్చుకుంటోంది. కానీ మీ సెలవులు జనవరి 10తో అయిపోతున్నాయి, భోగి వచ్చేది 13కో 14కో. దీనికి పాప స్కూలుని సాకు చెప్పకండి, ఒకటో తరగతిలో ఇంకో వారం పోతే కొంప మునగదని ఆవిడకీ తెలుసు, ఎలాగూ మీరు స్కూలు తెరిచాకే వెళ్తున్నారు. ఉన్న కారణం చెప్పండి: ఆఫీసులో ఇంతకంటే సెలవు లేదు, ఈసారి పండగ కుదరదు.

ఆ మాట మీరు చెప్పకూడదు. మీ ఆయన చెప్పాలి. ఇందులో నేను ఏ మాత్రం సర్దుబాటు చూపించను. కోడలు చెప్తే "పుట్టింట్లో రోజులు కావాలి కాబట్టి పండగ వద్దంది" అవుతుంది, కొడుకు చెప్తే "వాడికి సెలవు లేదట" అవుతుంది. విషయం ఒకటే, వినే తీరు వేరు. ఆయన ఫోన్‌లో ఇలా అనొచ్చు: "అమ్మా, పండక్కి ఉండలేం, నాకూ బాధగానే ఉంది. కొత్త సంవత్సరం మాత్రం మీ దగ్గరే. 30న వచ్చి వారం పైన ఉంటాం, మధ్యలో ఎక్కడికీ వెళ్ళం." ఆ "మధ్యలో ఎక్కడికీ వెళ్ళం" అన్నది కూడా నిలబెట్టుకోండి, ఒంగోలులో దిగి మర్నాడే విజయవాడలో ఫ్రెండ్స్ అని కారెక్కితే ఆవిడకి జరిగింది మీ అమ్మగారికి పోయినసారి జరిగిందే. ధనుర్మాసం అక్కడ కూడా ఉంది, గొబ్బెమ్మలు పెడతారు, హరిదాసు వస్తాడు, పిల్లకి కొత్త పరికిణీ కుట్టించే సరదా ఆవిడకి వదలండి. ఒకవేళ ఇంకో ఏడాది పండక్కే వచ్చేలా సెలవు పెట్టుకోగలమని మీ ఇద్దరికీ నమ్మకం ఉంటేనే ఆ మాట ఇవ్వండి. ఊరికే ఓదార్పుకి ఇవ్వొద్దు.

మీ ఆయన కావాలంటే రెండు మూడు రోజులు ముందే ఒంగోలు వెళ్ళిపోవచ్చు. మొగుడూ పెళ్ళాం ప్రతి ఊరికీ జంటగానే వెళ్ళాలని ఎక్కడా లేదు. ఆయన వాళ్ళమ్మ చేతి వంట ఒంటరిగా తింటూ కబుర్లు చెప్పుకోడానికీ, మీరు మీ అమ్మ పక్కన పడుకోడానికీ ఇద్దరికీ వీలవుతుంది. సెంట్రల్ నుంచి ఒంగోలుకి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, విజయవాడ మీదుగా వెళ్ళే వందే భారత్ కూడా అక్కడ ఆగుతుంది. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, 2024 నవంబర్‌కి ముందు ఉన్న 120 రోజుల అలవాటులో ఉండకండి. 30వ తేదీ ప్రయాణానికి అక్టోబర్ 31న, 7వ తేదీకి నవంబర్ 8న పొద్దున్నే కూర్చుని తీసుకోవాలి.

కానీ ఇదంతా ఆయన రావడం మీద ఆధారపడి ఉంది కాబట్టి వీసా సంగతి ఖచ్చితంగా మాట్లాడుకోవాలి. స్టాంప్ అయిపోయినా అమెరికాలో ఉన్నంతవరకు ఆయన స్టేటస్‌కి ఇబ్బంది లేదు, బయటికొచ్చాక తిరిగి వెళ్ళడానికే స్టాంప్ కావాలి. అంటే విమానం ఎక్కిన క్షణం నుంచి ఆయన ఉద్యోగం చెన్నై జెమినీ దగ్గరున్న అమెరికా కాన్సులేట్ ఇచ్చే తేదీ చేతిలో ఉంటుంది. 2025 డిసెంబర్‌లో ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. ఆ నెల 15 నుంచి హెచ్‌-1బి (ఉద్యోగ వీసా), హెచ్‌-4 (వాళ్ళ భార్యాభర్తలు, పిల్లల వీసా) వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలించడం మొదలుపెట్టారు, అపాయింట్‌మెంట్ చేతిలో పెట్టుకుని ఇండియాకి వచ్చేసినవాళ్ళకి కూడా తేదీలు నెలల తరబడి ముందుకి జరిగాయి. భార్యాపిల్లలు అక్కడ, భర్త ఇక్కడ, ఇంటి అద్దె అక్కడ, జీతం వస్తుందో లేదో తెలియదు. అంతకుముందు సెప్టెంబర్‌లోనే ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో ఇచ్చే వెసులుబాటు చాలామందికి తీసేశారు.

అందుకని నా అభిప్రాయం ఇది. ముందు ఆయన తన ఆఫీసుతో, వాళ్ళ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి: నేను రెండు మూడు నెలలు ఇక్కడ ఇరుక్కుంటే ఉద్యోగం ఉంటుందా, ఇండియా నుంచి పనిచేయనిస్తారా? జవాబు మెయిల్‌లో రావాలి. ఆ జవాబు అనుకూలంగా ఉండి, ఇంటర్వ్యూ తేదీ కూడా మీరు దిగిన మొదటి వారంలోనే దొరికితే రావచ్చు. అప్పుడు కూడా ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, తిరిగి వచ్చేదాకా ఆయన మనసు ప్రశాంతంగా ఉండదు, అది తెలిసే రావాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఈసారి మీరూ పాపా రండి, ఆయన ఆగిపోవాలి. "చెన్నైలోనే కదా, అయిపోతుందిలే" అన్న ధైర్యంతో మాత్రం టికెట్ కొనొద్దు.

ఆయన రాకపోతే మీరు ఒంగోలు మానేయొద్దు. అది కష్టమైన పనే, ఆయన లేకుండా వారం పైన అత్తగారింట్లో ఉండటం మీకు మొహమాటంగా ఉంటుంది. ఐదు రోజులకి తగ్గించుకోండి, పాపతో వెళ్ళండి. కొడుకు రాలేదన్న దిగులులో ఉన్న ఆవిడకి మనవరాలు కూడా రాకపోతే ఆ లోటు ఏ వీడియో కాల్ తీర్చలేదు. కావాలంటే మావయ్యగారిని చెన్నై వచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళమనండి, రెండు రోజులు మీ నాన్నగారికి తోడుగా ఉన్నట్టూ ఉంటుంది.

పాప అమెరికాలోనే పుట్టి ఉంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఒకసారి తీసి చూడండి. పిల్లల అమెరికా పాస్‌పోర్ట్ ఐదేళ్ళకే అయిపోతుంది కాబట్టి ఈ మధ్యే కొత్తది వచ్చి ఉండాలి. కొత్త పాస్‌పోర్ట్, ఫోటో ఓసీఐ సైట్‌లో అప్‌లోడ్ చేయాలి, డబ్బు కట్టక్కర్లేదు, కానీ విమానాశ్రయంలో గుర్తొస్తే గొడవ. విమానం ఢిల్లీ మీదుగా తీసుకోకండి, డిసెంబర్, జనవరిల్లో అక్కడి పొగమంచుకి కనెక్షన్లు పోతుంటాయి. దోహానో దుబాయో మీదుగా నేరుగా చెన్నైలో దిగండి. తుఫాన్ల గురించి అమ్మ భయపడుతుంటే 2015 వరదలు, 2016 వర్దా, 2023 మిచౌంగ్ అన్నీ డిసెంబర్ పదిహేను లోపే వచ్చాయని చెప్పండి, 21కి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీ ఆయన స్టాంపింగ్ బాగా అయ్యి ఇంకొన్ని రోజులు సెలవు దొరికి పండగ దాకా ఆయనొక్కరే ఉండిపోతానంటే ఉండనివ్వండి, భోగి రోజు తెల్లవారుజామున మాత్రం చెన్నై నుంచి విమానం పెట్టుకోవద్దు, ఆ మంటల పొగా మంచూ కలిసి రన్‌వే కనపడక విమానాలు ఆగిపోయిన ఏళ్ళున్నాయి.

చుట్టాలందరి ఇళ్ళకీ వెళ్ళకండి. 27నో 28నో ఒక మధ్యాహ్నం అందరినీ పెరంబూరుకే పిలవండి, భోజనం బయటినుంచి తెప్పించండి. బెంగళూరు బాబాయి వాళ్ళు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి వచ్చేస్తారు. రానివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడితే సరిపోతుంది. ఐఫోన్ తెచ్చిపెట్టమని అడిగేవాళ్ళకి కుదరదని ఇప్పుడే చెప్పేయండి.

వరస మాత్రం తప్పకండి: ముందు మీరూ మీ ఆయనా కూర్చుని తేదీలు ఒప్పుకోవాలి, తర్వాత లాయర్ జవాబు రావాలి, ఆ మర్నాడు ఆయన ఒంగోలుకి, మీరు పెరంబూరుకి ఒకే పూట ఫోన్ చేయాలి, ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకుండా ఒక్క రోజు కూడా ఉండకూడదు. విమానం టికెట్లు ఆ ఫోన్లయ్యాక కొనండి. నాన్నగారి కంటి పరీక్షలకి మాత్రం ఇవేవీ తేలేదాకా ఆగక్కర్లేదు, ఈ వారమే డాక్టర్ని కలవమని చెప్పండి.